‘ఒక పరిశీలన’ తీసేస్తే ఏం మిగులుతుంది?

పరిశోధన చేసేవాళ్లలో చాలామంది పేపర్‌కి పేరు పెట్టడాన్ని ఆఖరి పావుగంటకి వదిలేస్తారు. ఊళ్లు తిరిగి వివరాలు సేకరించడం, టేబుల్స్ వేయడం, గైడ్ ఎర్రసిరాతో కొట్టేసినవన్నీ మళ్లీ రాయడం... ఇవన్నీ అయ్యాక జర్నల్ వెబ్‌సైట్‌లో ‘టైటిల్’ అన్న గడి ఖాళీగా కనిపిస్తుంది. అప్పటికి ఓపిక అయిపోయి ఉంటుంది. ఎప్పుడో సినాప్సిస్‌లో రాసుకున్న పేరే తెచ్చి అందులో పడేసి ‘సబ్మిట్’ నొక్కేస్తారు.

నిజానికి మీ పేపర్‌లో ఎక్కువమంది చదివేది ఆ గడిలో పడే పది పన్నెండు మాటలే. ఎవరో ఎక్కడో గూగుల్ స్కాలర్ తెరిచి రెండు మూడు మాటలు కొడతారు. పేజీకి పది ఫలితాలు వస్తాయి. పైన టైటిల్, కింద రచయితల పేర్లు, జర్నల్, ఏడాది, ఆ తర్వాత రెండు లైన్ల ముక్క. వెతికే మనిషికి మీరెవరో తెలియదు, మీ యూనివర్సిటీ పేరు కూడా విని ఉండకపోవచ్చు. టైటిల్ చదివి నొక్కితే నొక్కుతారు, లేదంటే వేలు కిందికి జరిపేస్తారు. నొక్కినవాళ్లలో కొందరు అబ్‌స్ట్రాక్ట్ చదువుతారు, వాళ్లలో కొందరు పీడీఎఫ్ దించుకుంటారు. దించుకున్నవి ఎన్ని చదువుతారో మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూస్తే మీకే అర్థమవుతుంది.

అందుకే ఈ అధ్యాయంలో నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే. మిమ్మల్ని ఎరగని మనిషి కోసం టైటిల్ రాయండి. ఆ మనిషికి మీరు ఏం చేశారో తెలియాలి, అంతకంటే ఎక్కువ చేశారన్న భ్రమ కలగకూడదు.

భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, అక్కడ తనకంటే సీనియర్ అయిన సైరస్ ఫిస్కెతో కలిసి 1925లో ఒక పేపర్ వేశారు. దాని పేరు ‘ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్’. అంటే రంగును బట్టి ఫాస్ఫరస్‌ని కొలవడం. నమూనాలో ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కబడుతుంది, ఆ చిక్కదనాన్ని కొలిస్తే లెక్క తేలుతుంది. బయోకెమిస్ట్రీ చదివినవాళ్లు ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ చెప్పుకునేది దీన్నే. విజ్ఞానశాస్త్ర చరిత్రలో బాగా ఎక్కువగా ఉటంకించిన పేపర్లలో ఇదొకటి. ఆ టైటిల్‌లో ఒక్క మాట కూడా అలంకారం కాదు. దేన్ని కొలుస్తారో ఉంది, ఎలా కొలుస్తారో ఉంది. ఫాస్ఫరస్ కొలవాల్సిన అవసరం పడ్డ ఏ ల్యాబ్ మనిషికైనా వెతికేటప్పుడు నోటికొచ్చే మాటలే అవి.

ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లు వచ్చిన పేపర్ కూడా ఈ బాపతే. 1951లో ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు ప్రొటీన్‌ని కొలిచే పద్ధతి మీద వేసిన ఆ పేపర్ని 3 లక్షలకు పైగా పేపర్లు ఉటంకించాయి. దాని టైటిల్‌కి తెలుగు చెప్పుకుంటే ‘ఫోలిన్ ఫినాల్ రియేజెంట్‌తో ప్రొటీన్ కొలత’, అంతే. ఇన్ని సైటేషన్లు టైటిల్ వల్ల వచ్చాయని నేననను. పద్ధతి అందరికీ పనికొచ్చింది, అందుకే వచ్చాయి. పనికొచ్చే పనికి అడ్డం రాని టైటిల్ అది. మనలో చాలామంది టైటిల్స్ చేసేది సరిగ్గా ఆ అడ్డం రావడమే.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. తెలుగు శాఖల్లో నమోదైన సిద్ధాంత వ్యాసాల జాబితా ఏదైనా తీసుకుని చదవండి. ఫలానా కవి కవిత్వం – ఒక పరిశీలన. ఫలానా నవలల్లో స్త్రీ పాత్రలు – సమగ్ర పరిశీలన. ఫలానా ఇద్దరి కథలు – తులనాత్మక అధ్యయనం. పక్క భవనంలో కామర్స్, మేనేజ్‌మెంట్ వాళ్లది మరో రకం. ‘ఎ స్టడీ ఆన్’ అని మొదలై, ‘విత్ స్పెషల్ రిఫరెన్స్ టు’ మీదుగా ఏదో ఒక జిల్లా దగ్గర ఆగుతుంది. ఆ ‘స్పెషల్ రిఫరెన్స్’ ఒక్క జిల్లాకే ఎందుకంటే చదివింది ఆ ఒక్క జిల్లానే కాబట్టి. మిగతా దేశానికి మామూలు రిఫరెన్స్ కూడా లోపల ఎక్కడా ఉండదు.

ఒక చిన్న పరీక్ష పెట్టండి. మీ టైటిల్‌లోంచి ‘ఒక పరిశీలన’, ‘అధ్యయనం’, ‘సమగ్ర’, ‘విశ్లేషణాత్మక’ తీసేసి మిగిలింది చదవండి. అర్థం ఏమీ తగ్గకపోతే అవి అక్కడ ఊరికే ఉన్నట్టే. పరిశోధన పత్రం అన్నాక అది పరిశీలనే కదా, వేరే ఏమవుతుంది? మిగిలింది కేవలం ‘ఫలానా కవి కవిత్వం’ అయితే అసలు చిక్కు అక్కడుంది. మీరు ఆ కవి గురించి ఏం కనుక్కున్నారో టైటిల్‌లో లేదు, తోక తగిలించి ఆ లోటు కప్పిపుచ్చారు.

ఈ అలవాటు ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. పీహెచ్‌డీలో టాపిక్‌ని ముందే కమిటీ ముందు పెట్టి ఖరారు చేయించుకోవాలి. అప్పటికి పని మొదలే కాలేదు, ఏం తేలుతుందో తెలియదు. అప్పుడు ‘పరిశీలన’ అనడంలో తప్పు లేదు, ఉన్నమాటే. తప్పంతా నాలుగైదేళ్ల తర్వాత జవాబు చేతిలో ఉన్నప్పుడు కూడా అదే పేరు పట్టుకు వేలాడటంలో ఉంది.

అలాగని ‘అధ్యయనం’ అన్న మాటనే వెలి వేయాలని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి తెలుగు ధాతువుల పుస్తకం 1961లో వచ్చింది. దాని పేరు ‘తెలుగు వెర్బల్ బేసెస్: ఎ కంపారెటివ్ అండ్ డిస్క్రిప్టివ్ స్టడీ’. ఇందులో స్టడీ ఉంది. కానీ ముందున్న రెండు విశేషణాలు చూడండి. ఒకటి తెలుగును సోదర ద్రావిడ భాషలతో పోల్చి చరిత్ర చెప్పే పద్ధతి. రెండోది భాష ఉన్నదున్నట్టు ఎలా నడుస్తుందో వర్ణించే పద్ధతి. భాషాశాస్త్రంలో ఇవి రెండు వేర్వేరు పనులు, ఆయన రెండూ చేశారు, రెండూ చెప్పారు. ఏ ఒక్కటి తీసేసినా పుస్తకంలో సగం టైటిల్‌లోంచి పోతుంది.

ఇప్పుడు ఒక టైటిల్‌ని దగ్గర కూర్చుని దిద్దుదాం. ఉదాహరణ ఊహించిందే కానీ నేపథ్యం నిజం. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం వైపు మిరప తోటల్ని ఊడ్చేసింది. ఏ మందు కొట్టాలో రైతుకి తెలియలేదు. ఒక స్కాలర్ ఆ సమయంలో రైతుల్ని కలిసి, మందు ఎవరిని అడిగి కొన్నారో రాసుకున్నాడనుకోండి. అతను మొదట పెట్టిన పేరు ఇలా ఉంటుంది:

‘గుంటూరు జిల్లా మిరప రైతుల సమస్యలు – ఒక అధ్యయనం’.

మిరప రైతుకి ఉన్న సమస్యలు ఒకటా రెండా? యార్డులో ధర, కోల్డ్ స్టోరేజీ అద్దె, కౌలు, కూలీ, కాలవ నీళ్లు. వీటిలో ఏది? పేపర్ తెరిస్తే గానీ తెలియదు, ఎవరూ తెరవరు. కాబట్టి స్కాలర్ని అడుగుదాం. “బాబూ, నువ్వు అసలు రైతుని ఏమడిగావు?” “తామర పురుగుకి మందు కొనేటప్పుడు ఎవరి సలహా తీసుకున్నారని అడిగానండి.” ఆ జవాబులోనే టైటిల్ ఉంది. రెండో ప్రయత్నం:

‘నల్ల తామర పురుగు నివారణలో మిరప రైతుల సమాచార వనరులు: గుంటూరు జిల్లాలో ఒక అధ్యయనం’.

చాలా మెరుగు. పంట వచ్చింది, పురుగు వచ్చింది. కానీ ‘సమాచార వనరులు’ అంటే ఏమిటో రైతుకి తెలియదు, చదివేవాళ్లకీ మసకే. “సరే, ఏం తేలింది?” “వ్యవసాయాధికారి కంటే పురుగుమందుల దుకాణం ఆయన మాటే ఎక్కువమంది విన్నారండి.” అలాగైతే దాచడమెందుకు? మూడోసారి అతను ఉత్సాహంగా ఇలా రాస్తాడు:

‘మిరప రైతుల పురుగుమందుల వాడకంపై దుకాణదారుల సలహా ప్రభావం’.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. చదవడానికి టైటిల్ బాగుంది, కానీ అబద్ధం చెబుతోంది. ‘ప్రభావం’ అన్నారంటే దుకాణదారు సలహా వల్లే వాడకం మారిందని తేల్చినట్టు. అతను తేల్చింది అది కాదు. ఎవరి సలహా తీసుకున్నారని అడిగాడు, రైతులు చెప్పింది రాసుకున్నాడు. ఆ సలహా లేకపోతే వాళ్లు ఇంకో మందు కొట్టేవాళ్లా అన్నది ఈ సర్వేతో తేలే విషయం కాదు. మన పేపర్లలో ఇంతగా దుర్వినియోగమయ్యే మాట ఇంకోటి లేదని నా అభిప్రాయం. సోషల్ మీడియా ప్రభావం, యోగా ప్రభావం, సెల్‌ఫోన్ ప్రభావం... లోపల చూస్తే ఒక ప్రశ్నావళి, కొన్ని శాతాలు. రివ్యూయర్ మొట్టమొదట గుచ్చేది అక్కడే. చివరికి ఇలా తేలుతుంది:

‘నల్ల తామర పురుగుకి మందు ఎంపికలో మిరప రైతులు ఎక్కువగా ఆధారపడింది దుకాణదారుల సలహాపైనే: గుంటూరు జిల్లా సర్వే, 2021–22’.

పొడుగైందని అనిపిస్తే అనిపించనివ్వండి, ఇందులో తీసేయదగ్గ మాట లేదు. ఇంగ్లీషు టైటిల్ కూడా ఇవ్వాల్సి వస్తే పురుగు శాస్త్రీయ నామం, అంటే త్రిప్స్ పార్విస్పైనస్, తప్పకుండా చేర్చండి. ఇదే పురుగు మీద ఇండోనేషియాలో పనిచేసే మనిషి మన ‘నల్ల తామర’ని ఎప్పటికీ వెతకలేడు.

జిల్లా పక్కన ఏడాది ఎందుకు పెట్టానో చెబుతాను, ఇది మన రాష్ట్రాల్లో పనిచేసేవాళ్లకి నిజంగా ముఖ్యం. 2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. మీరు తిరిగిన మండలం ఇప్పుడు గుంటూరులో ఉందో లేదో టైటిల్ చదివినవాళ్లకి తెలియదు. తెలంగాణలో అయితే 2016లో ఒక్క దసరా రోజున 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆ తర్వాత 33. ‘వరంగల్ జిల్లాలో’ అంటే ఏ వరంగల్? ఇది కొత్త చిక్కేమీ కాదు. ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వచ్చిన తొలి పేపర్లలో ఒకటి 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి రాశారు. దాని టైటిల్ నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి అని చెబుతుంది. ఆ నెల్లూరులో అప్పుడు కనిగిరి, పొదిలి కూడా ఉండేవి, 1970లో అవి ప్రకాశం జిల్లాలో కలిశాయి. ఈ రోజు ఆ టైటిల్ చూసి నేటి నెల్లూరు మ్యాపు తెరిచినవాళ్లు తప్పుదోవ పడతారు. అయినా ఆ రచయితలు చోటు పేరు పెట్టడం మంచిదే అయింది. నీళ్లలోంచి వచ్చే జబ్బు గురించి రాస్తూ చోటు చెప్పకపోతే ఆ పేపర్‌కి విలువేముంది?

చోటు పేరు ఎప్పుడు పెట్టాలి అన్నదానికి నా లెక్క ఇది. మీరు చెప్పేది ఆ చోటికే వర్తిస్తే పెట్టండి. చోటుతో సంబంధం లేని సంగతి అయితే, అంటే ఒక రసాయనం, ఒక అల్గారిథమ్, ఒక సిద్ధాంతం లాంటిదైతే, మీ కాలేజీ ఉన్న ఊరు టైటిల్‌లో ఉండనక్కర్లేదు.

ఎంత చెప్పాలి, ఎంత ఆపాలి అన్నది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. ఇందులో ఫిజిక్స్ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 2012 జులై 4న సెర్న్‌లో హిగ్స్ బోసాన్ ప్రకటన వచ్చినప్పుడు ప్రపంచంలో చాలా పత్రికలు ‘హిగ్స్ దొరికింది’ అని పతాక శీర్షికలు పెట్టాయి. ఆ ప్రయోగాలు చేసిన రెండు బృందాలు తమ పేపర్లకి అలా పెట్టలేదు. సీఎంఎస్ బృందం తమ టైటిల్‌లో 125 జీఈవీ ద్రవ్యరాశి దగ్గర ఒక ‘కొత్త బోసాన్’ కనిపించిందని మాత్రమే రాసింది. అట్లాస్ బృందం స్టాండర్డ్ మోడల్ హిగ్స్ కోసం జరుగుతున్న వెతుకులాటలో ఒక ‘కొత్త కణం’ కనిపించిందని రాసింది. వేలమంది శాస్త్రవేత్తలు, దశాబ్దాల ఎదురుచూపు, అయినా అప్పటికి రుజువైనంత వరకే టైటిల్‌లోకి రానిచ్చారు. అది హిగ్సేనని తేల్చే కొలతలు తర్వాత జరగాల్సి ఉంది కాబట్టి అలా రాశారు. ఒక్క సెమిస్టర్ డేటాతో ‘నిరూపణ’ అని రాసేవాళ్లు దీన్ని బల్ల మీద అతికించుకోవాలి.

దీనికి అవతలి కొస కూడా ఉంది. 1965లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ విశ్వం పుట్టుక నాటి వెలుగుకి మిగిలిన ఆనవాలుని పట్టుకున్నారు. తర్వాత దానికే నోబెల్ వచ్చింది. వాళ్ల పేపర్ పేరు మాత్రం 4080 మెగాసైకిళ్ల దగ్గర యాంటెనాలో అదనపు ఉష్ణోగ్రత కొలత అన్న అర్థంలో ఉంటుంది. యాంటెనా రిపేరు చేసే ఇంజినీరుకి తప్ప ఇంకెవరికీ ఆసక్తి కలగదు. అదృష్టవశాత్తూ ఆ సంచికలోనే రాబర్ట్ డికీ, జిమ్ పీబుల్స్ బృందం అది విశ్వ వికిరణమని వివరిస్తూ ఇంకో పేపర్ వేసింది. మీ పేపర్‌కి అలాంటి తోడు వస్తుందని నమ్మకం లేదు కనుక, నిజాయితీ పేరు చెప్పి మరీ అంత ఒదిగిపోకండి.

తేలిందేదో పక్కాగా తేలితే టైటిల్‌లోనే చెప్పేయొచ్చు. 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఒక పేపర్ బయటపెట్టారు. పేరు ‘ప్రైమ్స్ ఈజ్ ఇన్ పి’. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అన్నది తేల్చడానికి వేగమైన, నమ్మదగిన పద్ధతి ఉందని ఆ నాలుగు మాటల్లో ఉంది. ఆ రంగంలో ఉన్నవాళ్లకి సిద్ధాంతం మొత్తం టైటిల్‌లోనే తెలిసిపోయింది, ఇక లోపల చదవాల్సింది రుజువే. గణితంలో ఇది చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ రుజువైతే అయినట్టే. వైద్యంలో, సామాజిక శాస్త్రాల్లో ఇంత ధీమా ప్రమాదం. ఒక ఆసుపత్రిలో కొద్దిమంది రోగుల మీద చూసి ‘ఫలానా మందు షుగర్‌ని తగ్గిస్తుంది’ అని క్రియతో ముగించారంటే, రేపు అది వాట్సాప్‌లో ఏ రూపంలో తిరుగుతుందో మీ చేతిలో ఉండదు.

వైద్య పేపర్లకి ఈ విషయంలో కట్టుదిట్టమైన ఆనవాయితీ ఉంది. లాటరీ పద్ధతిలో రోగుల్ని రెండు జట్లుగా విడదీసి చేసిన ట్రయల్ అయితే ఆ మాట టైటిల్‌లోనే ఉండాలని కన్సార్ట్ మార్గదర్శకాలు చెబుతాయి. ఉన్న పరిశోధనలన్నీ గాలించి క్రోడీకరించిన సమీక్ష అయితే ఆ సంగతి టైటిల్‌లో చెప్పాలని ప్రిస్మా మార్గదర్శకాలు చెబుతాయి. హైదరాబాద్ భారత్ బయోటెక్ రోటావైరస్ టీకా ట్రయల్ ఫలితాలు 2014లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆ టైటిల్ ఒక్కసారి విప్పి చూడండి. కొలిచింది టీకా పనితనం, టీకా ఏ రకానిదో దాని 116ఈ గుర్తుతో సహా ఉంది, ఇచ్చింది భారతీయ పసిపిల్లలకి. కోలన్ తర్వాత అది లాటరీ పద్ధతి ట్రయల్ అని, ఎవరికి ఏది ఇచ్చారో ఇటు డాక్టర్లకీ అటు తల్లిదండ్రులకీ తెలియదని, ఉత్తుత్తి మందుతో పోల్చారని. అందం లేదు, కానీ టీకాల కమిటీలో కూర్చున్న మనిషికి కావాల్సిందంతా ఉంది.

కోలన్ గురించి కాస్త చెప్పాలి. కోలన్‌కి ఎడమ పక్క ఆకర్షణ, కుడి పక్క సమాచారం అని మనవాళ్లు అనుకుంటారు. దానివల్ల ఎడమ పక్క ఒక కవితా పాదం, కుడి పక్క మళ్లీ ‘ఒక పరిశీలన’ వచ్చి కూర్చుంటాయి. కృష్ణమూర్తి గారిదే ఇంకో పేపర్ తీసుకోండి, 1978లో ‘లాంగ్వేజ్’ పత్రికలో వచ్చింది. ఎడమ పక్క ధ్వని మార్పు ఒక ప్రాంతంలో, ఒక్కొక్క మాటగా ఎలా వ్యాపిస్తుందన్న విషయం. కుడి పక్క ‘ఎవిడెన్స్ ఫ్రమ్ ద్రవిడియన్’. ఇది నాకు చాలా నచ్చిన అమరిక. ద్రావిడ భాషలతో పనిలేని మనిషి కూడా ఎడమ పక్క చూసి ఆగుతాడు, ఎందుకంటే ధ్వని మార్పు అన్ని భాషలకీ సంబంధించిన ప్రశ్న. సాక్ష్యం ఎక్కడిదో కుడి పక్క చెబుతుంది. తెలుగు మీద పనిచేసేవాళ్లు ప్రపంచంతో మాట్లాడాలంటే దారి ఇదే. మన భాష, మన జిల్లా, మన కులవృత్తి సాక్ష్యం కావాలి, ప్రశ్న అందరిదీ కావాలి.

కవితాత్మకంగానో చమత్కారంగానో పెట్టకూడదా అంటే, పెట్టొచ్చు, కానీ కుడి పక్క గట్టిగా ఉండాలి. జార్జ్ అకెర్లాఫ్ 1970లో రాసిన ఆర్థికశాస్త్ర పేపర్ ‘లెమన్ల మార్కెట్’ అని మొదలవుతుంది. లెమన్ అంటే అమెరికా వాడుకలో కొన్నాక గానీ లోపం బయటపడని డొక్కు కారు. కోలన్ తర్వాత నాణ్యత గురించిన అనిశ్చితి, మార్కెట్ నడిచే తీరు అని సూటిగా ఉంది. చమత్కారం అర్థం కానివాళ్లకి కూడా దారి దొరుకుతుంది. 2017లో ఆశిష్ వాస్వానీ, సహచరులు వేసిన ‘అటెన్షన్ ఈజ్ ఆల్ యు నీడ్’ పేరు బీటిల్స్ పాటని గుర్తు చేస్తుంది, కానీ అందులో ‘అటెన్షన్’ అన్నది వాళ్ల పద్ధతికి ఆధారమైన టెక్నిక్ పేరే. ఆ తర్వాత కంప్యూటర్ సైన్స్‌లో ‘ఫలానాది ఉంటే చాలు’ అనే టైటిల్స్ వరదలా వచ్చాయి. మొదటిది చమత్కారం, ఆ తర్వాతవి అలవాటు. సినిమా పాటల పల్లవులతో సెమినార్ పేపర్లకి పేర్లు పెట్టేవాళ్లు మనలోనూ ఉన్నారు. సభలో నవ్వొస్తుంది, అయిదేళ్ల తర్వాత ఎవరు వెతికినా ఆ పేపర్ దొరకదు.

పొట్టి అక్షరాలతో జాగ్రత్త. డీఎన్ఏ, ఎయిడ్స్ లాంటివి ఫర్వాలేదు. ‘ఏఐ’ అంటే మీకు కృత్రిమ మేధ, పశువైద్యుడికి కృత్రిమ గర్భధారణ. పాడి రైతులు, ఏఐ అని టైటిల్ పెడితే ఏ శాఖవాళ్లు తెరవాలి? మీరే సొంతంగా పుట్టించిన పొట్టి పేరైతే అసలే వద్దు.

‘నూతన’, ‘వినూత్న’ కూడా అంతే. కొత్తది కాకపోతే పేపర్ ఎందుకు వేశారు? సి.వి.రామన్, కె.ఎస్.కృష్ణన్ 1928లో నేచర్‌కి పంపిన లేఖ టైటిల్‌లో ‘న్యూ’ ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. ఒక కొత్త రకం వికిరణం ఉందన్నదే వాళ్లు చెప్పదలచుకున్న విషయం మొత్తం. ఇవాళ ఎవరూ ఆ మాటలతో వెతకరు, రామన్ ఎఫెక్ట్ అని కొడతారు. ఆ సౌకర్యం మనకి లేదు.

నిడివి సంగతి ఎక్కువ చెప్పను. నేచర్ పత్రిక ఖాళీలతో కలిపి 75 అక్షరాల లోపు అడుగుతుంది, ప్లాస్ వన్ 250 దాకా ఒప్పుకుంటుంది. 2015లో లక్షా 40 వేల పేపర్లు చూసిన ఒక విశ్లేషణ, పొట్టి టైటిల్స్ వేసే జర్నళ్లకి సగటున ఎక్కువ సైటేషన్లు వస్తున్నాయని చెప్పింది. అది జర్నళ్ల మధ్య తేడా కావచ్చు కాబట్టి దాన్ని పట్టుకుని అవసరమైన మాట కొట్టేయకండి. ఫోన్‌లో చూసేవాళ్లకి చివరి మాటలు చుక్కలైపోవచ్చు, అందుకని ముఖ్యమైన మాటని మాత్రం ముందుకు తెచ్చుకోండి.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది. సిద్ధాంత వ్యాసాల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో మనవి కొన్ని తెలుగు లిపిలో, చాలా రోమన్ లిపిలో ఎక్కాయి. రోమన్‌లో ఎక్కినవాటికి స్పెల్లింగ్ ఎవరిష్టం వాళ్లది. అప్పారావు ఒక చోట ఒకే మాట, ఇంకో చోట రెండు మాటలు. విశ్వనాథలో ‘శ’కి ఒకరు ‘ఎస్’ మాత్రమే పెడతారు, ఇంకొకరు ‘ఎస్‌హెచ్’ పెడతారు. వెతికే మనిషికి సగమే దొరుకుతాయి. కాబట్టి రచయిత పేరు ఆయన ఇంగ్లీషులో ఎలా రాసుకునేవారో, లేదా లైబ్రరీ కేటలాగుల్లో ఎలా ఉందో చూసి అదే వాడండి. తెలుగు టైటిల్ పక్కన ఇంగ్లీషు టైటిల్ ఇవ్వాల్సి వస్తే, ఆ పనిని టైపిస్టుకి వదలకండి.

పేపర్ టైటిల్, థీసిస్ టైటిల్ ఒకటే కానక్కర్లేదు. థీసిస్ పేరు మార్చాలంటే దరఖాస్తు, కమిటీ, సంతకాలు. పేపర్ పేరు మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, గైడ్‌ని ఒప్పిస్తే చాలు. ఆయన ‘స్పెషల్ రిఫరెన్స్’ కావాలని పట్టుబడితే వాదించకండి. మీరు పంపబోయే జర్నల్‌లో ఈ ఏడాది వచ్చిన టైటిల్స్ ఒక పేజీ ప్రింట్ తీసి ఆయన బల్ల మీద పెట్టండి. చాలా సందర్భాల్లో అది సరిపోతుంది.

గైడ్ ఒప్పుకున్నాక టైటిల్ ఒక్కటే వేరే డిపార్ట్‌మెంట్‌లో ఉన్న మిత్రుడికి పంపి, “ఇందులో ఏముంటుందనుకుంటున్నావ్?” అని అడగండి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటాడు, ఆ జవాబు మీకు పనికిరాదు. అతను చెప్పింది మీ పేపర్‌కి దగ్గరగా ఉంటే పంపించేయండి. రివ్యూ అయ్యాక, లోపల మార్పులు చేశాక, టైటిల్ ఇంకా ఆ పేపర్‌దేనా అని మళ్లీ చూడండి. సగం డేటా తీసేయమన్న రివ్యూయర్ మాట విని లోపల తీసేస్తారు, టైటిల్‌లో ‘రెండు జిల్లాల్లో’ అలాగే ఉండిపోతుంది.

ఆఖరుకి ప్రూఫ్ వస్తుంది. లోపలి పేజీల్ని కళ్లు కాయలు కాసేలా చూసేవాళ్లు కూడా పెద్ద అక్షరాల్లో ఉన్న టైటిల్‌ని చదవకుండా దాటేస్తారు. ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చదవండి. శాస్త్రీయ నామంలో స్పెల్లింగ్, ఊరి పేరు, ఏడాది, మీ పేరులో ఇంటిపేరు ముందుందో వెనకుందో చూసుకోండి. డీఓఐ నంబరు పడి పేపర్ ఆన్‌లైన్‌లోకి వెళ్లిందంటే ఆ తప్పు అప్పటికే నాలుగు డేటాబేసుల్లో కాపీ అయి ఉంటుంది. దాన్ని దిద్దాలంటే సవరణ ప్రకటన వేయించాలి, అది వచ్చాక కూడా పాత పేరు కొన్ని చోట్ల అలాగే కనిపిస్తుంటుంది.